లిఫ్టులో దోమ

అతను మోర్సింగు వాయిస్తే మెచ్చుకున్న ప్రాణి ఊళ్ళో ఒక్కటీ లేదు. అదేమీ వీణ కాదు, అరచేతిలో ఇమిడే ఇనుప చట్రం. పళ్ళకు ఆనించి, మధ్యనున్న సన్నటి రేకును వేలితో మీటితే నోరంతా ఝుమ్మంటుంది. మొదటిసారి విన్న పెళ్ళాం దోమల మందు కొనుక్కొచ్చింది. ఫిడేలు వాయించే బావమరిదిని జతకు రమ్మంటే, "దోమతో కచేరీ నావల్ల కాదు బావా" అన్నాడు. అప్పట్నుంచి చుట్టాలందరికీ అతను దోమ బావే. పైకి నవ్వేసేవాడు గానీ, పక్కన కూర్చుని వాయించే మనిషి ఒక్కరైనా లేరే అని లోపల కుమిలిపోయేవాడు.

పొట్టకూటికి అతను లిఫ్టు మెకానిక్కు. ఒక పాత భవనంలో, మేడమీది మెషీను గదిలో మోటారుకు నూనె పెట్టాక కాసేపు మీటుకునేవాడు. లిఫ్టు నడిచే గోతిలోంచి ఆ నాదం కిందిదాకా మారుమోగేది. అతనికది స్వర్గం. కాపురమున్న వాళ్ళకు మాత్రం చావబోయే లిఫ్టు మూలుగు. కంపెనీకి ఫిర్యాదు వెళ్ళేది. కంపెనీ ఎవర్ని పంపుతుంది? ఇతన్నే. తేలు కుట్టిన దొంగలా వచ్చి, బాగున్న బోల్టునే బిగించి, "బేరింగండీ" అని చెప్పి, ఆశ చావక మళ్ళీ ఓసారి మీటి పోయేవాడు.

చివరికి సూపర్వైజరుకు తిక్క రేగింది. "అక్కణ్ణుంచి ఇంకొక్క కంప్లైంటు వచ్చిందో, నువ్వు ఇంటికే!" అన్నాడు. దోమ బావ మోర్సింగును పనిముట్ల సంచి అడుగున పాతేసి బుద్ధిగా ఉన్నాడు. అయినా ఫిర్యాదు వచ్చింది. "ఆ మోత ఎక్కడిదో తేల్చాకే రా. తేలకపోతే అసలు రాకు" అని పంపాడు సూపర్వైజరు.

ఫిర్యాదు చేసింది పై అంతస్తు టీచరమ్మ. ఆవిడ బడి మానేసి చాలాకాలమైంది. గదమాయించడం మాత్రం మానలేదు.

"నేను మీటనే... అదే, లిఫ్టు మోగనే లేదు కదమ్మా!" అన్నాడతను.

"అందుకేనయ్యా కంప్లైంటిచ్చింది. ఎందుకు మానేశావ్?"

ఆవిడ మందుల డబ్బా తెచ్చి మూత తీసింది. మాత్రల మధ్య మోర్సింగు!

"మా ఆయనున్నన్నాళ్ళూ వంటింట్లో మిక్సీ వేసి, ఆ హోరులో దొంగచాటుగా వాయించుకున్నాను. మొదటిసారి నీది విన్నప్పుడు లిఫ్టు తలుపుకి చెవి ఆనించి ఏడ్చాను. మెకానిక్కు వస్తేనే మోగుతోందని కనిపెట్టి, ఇక వరసగా కంప్లైంట్లే."

"అన్నీ మీరేనా? నా ఉద్యోగానికే ఎసరు పెట్టారు గదమ్మా! తలుపు తీసి పిలిస్తే రానూ?"

"ఏమని పిలవను? ఒరే లిఫ్టులో మోగేవాడా, ఇలా రా అనా?"

అతనికి కోపం రావాల్సింది. రాలేదు. సంచి నేలమీద బోర్లించి తనది వెతుక్కున్నాడు. ఇద్దరూ లిఫ్టు తలుపు పక్కనే కుర్చీలేసుకుని మొదలుపెట్టారు. అతను ఒకటి మీటితే ఆవిడ దానికి ఎదురు మీటింది. నడుమ నడుమ ఆవిడ కట్టుడుపళ్ళు టకటకమని తాళం కూడా వేశాయి. ఇంత సుఖం ఉంటుందని అతనికి ఇన్నేళ్ళూ తెలియదు.

అంతలో ఫోను మోగింది.

"ఏమయ్యా, మోత రెండింతలైందని కిందివాళ్ళు చంపుతున్నారు! దొరికిందా లేదా?" అని అరిచాడు సూపర్వైజరు.

బేరింగు, తీగ, బోల్టు అన్నీ నాలుక చివరికి వచ్చాయి. టీచరమ్మ మోర్సింగు పళ్ళమధ్య పెట్టుకుని, మళ్ళీ ఎప్పుడా అన్నట్టు చూస్తోంది.

"దొరికింది సార్. లిఫ్టు కాదు. మేమిద్దరం," అన్నాడు.

ఉద్యోగం గోవిందా అని అతనికి తెలుసు. అయినా జన్మలో మొదటిసారి 'మేమిద్దరం' అనగలిగాడు. సూపర్వైజరుకు సరిగ్గా వినపడలేదేమోనని ఇంకోసారి, ఇంకాస్త గట్టిగా చెప్పాడు.