అందరికీ చెప్పిన క్షమాపణ

కోరుట్ల బస్టాండు దగ్గర నాది ఫ్లెక్సీల షాపు. మా ఎమ్మెల్యే సారు రాజకీయ జీవితమంతా నా కంప్యూటర్లోనే పెరిగి పెద్దదైంది. సర్పంచ్‌గా ఉన్నప్పుడు దిగిన ఫొటోనే ఇప్పటికీ వాడుతున్నాం. ఊడిన జుట్టు నేనే పెడుతున్నాను. సారు మూడు పార్టీలు మారారు. మారినప్పుడల్లా కండువాల కోసం సిరిసిల్లకు పోయేవాణ్ణి. నేసేవాడు ‘ఈసారి ఏ రంగు’ అని తప్ప ఇంకేమీ అడగలేదు. ఫ్లెక్సీ మీద ‘ప్రజల మనిషి’ మాత్రం ఏ పార్టీలోనూ మారలేదు, పాపం.

మొన్న ఎండాకాలం మా వాడలో సభ పెట్టారు. మా అక్క బీడీలు చుడుతుంది. పొద్దంతా తల వంచుకుని కూర్చునే మనిషి, ఆ రోజు లేచి నిలబడి, నల్లా నీళ్లు ఎప్పుడొస్తాయని అడిగింది. సారు మైకులోనే ఆమెను ఓ మాటన్నారు. ఆడమనిషిని అనకూడని మాట, ఇక్కడ రాయను. ముందు వరుస నవ్వింది. అక్క ఇంటికొచ్చి వారం రోజులు బీడీల ఆకు ముట్టలేదు.

వీడియో ఊరూరా తిరిగింది. జగిత్యాలలో దిష్టిబొమ్మ కాల్చేవాళ్లు ఫొటో కోసం నా షాపుకే వచ్చారు. జుట్టుతోనే ఇచ్చాను.

సాయంత్రం సారు పీఏ వచ్చి, ఎప్పటి ప్రసంగాల్లాగే క్షమాపణ కూడా గంటలో రాసిమ్మన్నాడు. ఒళ్లు మండింది. అయినా రాసేది నేనే కదా, అక్కకు న్యాయం చేద్దామనుకున్నాను. ఆమె పేరు పెట్టి, ఇంటికొచ్చి చేతులు జోడిస్తానని రాశాను. పీఏ చదివి, కలం తీశాడు.

“పేరు వెడితే తప్పు జేసినట్టయితది గదనే. తీసెయ్.”

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. వచ్చే ఎన్నికల ఫ్లెక్సీలు గుర్తొచ్చాయి. అక్క పేరు కొట్టేసి, ‘రాష్ట్రంలోని ఆడబిడ్డలందరికీ’ అని పెట్టాను. రాసింది నేనని ఇంట్లో చెప్పలేదు.

మర్నాడు జగిత్యాలలో సారు గొంతు బొంగురుపోయేలా చదివారు. విన్నవాళ్లు చప్పట్లు కూడా కొట్టారు. నెల తిరగకముందే పార్టీ ఇంకో పదవిచ్చింది. అభినందనల ఫ్లెక్సీ ఎవరిదో చెప్పాలా?

క్షమాపణ వీడియోను అక్క ఫోన్లో రెండుసార్లు చూసింది.

“అందరికి చెప్పిండు తమ్మీ. తిట్టింది నన్నొక్కదాన్నే గదా.”

పెద్దోళ్లు అట్లనే చెప్తారని ఏదో గొణిగాను. అక్క ఫోను పక్కన పెట్టి, కత్తెర చేతిలోకి తీసుకుంది.

“మంచిగనే రాసినవ్,” అని, తల వంచుకుని ఆకు కత్తిరించసాగింది.