పది నంబరు అన్నని తీసేసిన రోజు

నా చిన్నప్పుడు నేను కడుపు మండేంతగా కుళ్ళుకున్నది ఒకే ఒక్క మనిషిని చూసి. అతను నా ఈడు పిల్లవాడు కాదు. మా బాబాయి ఆడే ఫుట్‌బాల్ జట్టులో పది నంబరు చొక్కా వేసుకునే ఆటగాడు.

అమీర్‌పేటలో మేడకొక కంప్యూటర్ కోచింగ్ సెంటరు వెలుస్తున్న రోజులవి. కృష్ణా జిల్లా నుంచి వచ్చి మేమంతా అక్కడే ఒక అద్దె వాటాలో ఉండేవాళ్ళం. బాబాయి ఒక సెంటర్లో పాఠాలు చెప్పేవాడు. సెంటరు పేరు నలుగురి నోళ్ళలో నానాలని దాని యజమాని ఒక ఫుట్‌బాల్ జట్టు పెట్టాడు. ఆదివారం పొద్దున్నే పంజాగుట్ట వైపు ఒక మైదానంలో పోటీలు జరిగేవి. మొదట్లో గోల్స్ కొట్టేది మా బాబాయే. పది నంబరు అన్న వచ్చాక బాబాయి బెంచీ మీదికి చేరాడు.

అన్నకి ఆఫీసులో ఏదో ఉద్యోగమని పేరు పెట్టి, పాఠాలు చెప్పేవాళ్ళ కంటే ఎక్కువ జీతం ఇచ్చేవారు. చివరి ఏడాది అతను గోల్ కొట్టిందీ తక్కువే. అయినా సెంటర్లో చదివే హాస్టల్ కుర్రాళ్ళకి అతనంటే ప్రాణం. ఆట అయ్యాక పిల్లలందరినీ వరసగా స్కూటర్ మీద తిప్పేవాడు. నేను ఎక్కేదాన్ని కాదు. ఎక్కాలని మాత్రం చాలా ఉండేది.

ఇంతలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు తగ్గాయి, సెంటర్లో చేరేవాళ్ళూ తగ్గారు. యజమాని అన్నని తీసేశాడు. ఆ సాయంత్రం సెంటరు గేటు ముందు జనం గుమిగూడారు. ఒక కుర్రాడు గేటు పట్టుకుని ఏడ్చాడు.

"జీతం ఎక్కువైతే జర తగ్గించుండ్రి సార్! మనిషినే తీసేస్తరా?" అని టీ కొట్టు భాయ్ యజమానిని నిలదీశాడు.

నేను మాత్రం బాబాయి చెయ్యి పట్టుకుని గెంతాను. "పీడా పోయింది బాబాయ్! ఇంక నువ్వే ఆడతావు!" అని గట్టిగా అనేశాను. అందరూ నా వంక చూశారు.

బాబాయి తిట్టలేదు. నన్ను నడిపించుకుంటూ పంజాగుట్టలోని ఇరానీ హోటల్‌కి తీసుకెళ్ళాడు. అక్కడ అన్న ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ముందున్న చాయ్ తాగకుండానే చల్లారిపోయింది. బాబాయి ఎదురుగా కూర్చున్నాడు.

"నిన్ను తీసేశారని వినగానే ముందు నాకు సంతోషమేసింది. రెండేళ్ళుగా నిన్ను చూసి కుళ్ళుకుంటున్నాను. అది చెప్పకుండా నిన్ను ఓదార్చడానికి నోరు రాలేదు" అన్నాడు.

కొట్టుకుంటారేమోనని నేను కుర్చీ అంచు గట్టిగా పట్టుకున్నాను. అన్న చాయ్ కప్పు పక్కకి జరిపాడు.

"నిన్ను చూస్తే నాకు సుత మస్తు జలన్ ఉండె అన్నా" అన్నాడు. "నాకు కాలు ఆడినన్ని దినాలే తిండి. నువ్వు ముసలోడివైనా పాఠం చెప్పుకోవచ్చు. నువ్వు బోర్డు మీద రాస్తుంటే కిటికీలకెల్లి చూసేటోణ్ణి."

"అయితే రేపు ఇంటికి రా. నాకొచ్చింది నేర్పుతాను" అన్నాడు బాబాయి.

తర్వాతి ఆదివారం బాబాయి ఆడాడు. జట్టు ఓడింది. జనం చివరిదాకా అన్న పేరే అరిచారు.

అన్న మాత్రం మాట ప్రకారం రోజూ మా ఇంటికొచ్చి చాప మీద కూర్చుని నేర్చుకున్నాడు. బాబాయి నాతో గడిపే కాస్త సమయమూ అతనికే పోయింది. నేను మళ్ళీ కుళ్ళుకున్నాను. కానీ ఈసారి దాచలేదు. నేరుగా వెళ్ళి అతనికే చెప్పాను. పడీపడీ నవ్వి, "నువ్వు సుత కూసో చెల్లె" అంటూ పక్కకి జరిగాడు. నేను మొదట కంప్యూటర్ పాఠం విన్నది ఆ చాప మీదే.

జుట్టు నెరుస్తున్నా ఆ కుళ్ళు నన్ను వదల్లేదు. మొన్న తోడికోడలి కొత్తింటి వంటగది చూసి, "నాకు కడుపు మండుతోందే" అని మొహం మీదే చెప్పాను. ఆవిడ బిత్తరపోయి, తర్వాత నవ్వేసి కాఫీ కలిపింది. అందరూ అలా ఉండరు. ఒకరిద్దరు నాతో మాట్లాడటమే మానేశారు. అయినా సరే, లోపల కుళ్ళు పెట్టుకుని పైకి నవ్వుతూ మెచ్చుకోవడం మాత్రం ఆ రోజు నుంచి నాకు చేతకాలేదు.