తానే ఠాణాకెళ్ళి లొంగిపోయిన డ్రోన్

ఆ రోజుల్లో నిజామాబాద్ మొత్తానికీ డ్రోన్ ఒక్కటే ఉండేదనీ, అదీ నా చేతిలోనే ఉండేదనీ చెబితే మా ఆవిడ ఇప్పటికీ నమ్మదు. (సరే, రెండుండేవి. రెండోది ఎగిరేది కాదు.) నిజానికి అది నేను పనిచేసే ఫొటో స్టూడియో సేటుది. "దీనికి గీత పడ్డా నీ నౌకరీ పోతది బిడ్డా" అని దీవించి, బోధన్ దగ్గర ఒక పెళ్ళి బరాత్ వీడియో తీసుకురమ్మని పంపాడు.

అక్కడ చూస్తే దారి పొడవునా కరెంటు తీగలు, రెండు పక్కలా మనిషిని మించిన చెరుకు. డ్రోన్ లేపడానికి తీగలు అడ్డురాని ఖాళీ జాగా ఒక్కటే దొరికింది: పోలీసు ఠాణా వాకిలి. అక్కడి నుంచే లేపి, నెత్తిమీద తిప్పుకుంటూ బరాత్ వెంట నడిచాను. పెళ్ళికొడుకు గుర్రం మీద మెడ పైకెత్తి నవ్వుతూనే ఉన్నాడు. ఊరి చివర ఎస్సై సారు జీపు ఆగింది.

"ఎవనిదిరా అది? పర్మిషన్ ఉన్నదా?"

"గాలిల ఎగరనీకి పర్మిషనేంది సార్?"

"ఢిల్లీల విమానాలోళ్ళు ఒప్పుకోవాలె. ఈడ మా పెద్దసారు ఒప్పుకోవాలె."

నాకు సేటు దీవెన గుర్తొచ్చింది. రిమోట్ చొక్కా కిందికి తోసి, డ్రోన్‌ను వెనక్కి పంపే మీట నొక్కేశాను. "నాది కాదు సార్, గద్ద గిట్ల కావచ్చు" అన్నాను. ఆ మీట నొక్కితే అది లేచిన చోటికే పోయి దిగుతుందని నాకు తెలుసు. ఎక్కడ లేచిందన్నదే ఆ కంగారులో మరిచాను. రెండు నిమిషాల్లో ఎస్సై ఫోను మోగింది. విని, నా వైపు తిరిగి, "నీ గద్ద ఠాణాకు పోయి లొంగిపోయిందట. నువ్వు గూడ నడువు" అన్నాడు.

ఠాణాలో ఆయన నిజామాబాద్‌కు ఫోను చేస్తే హైదరాబాద్‌ను అడగమన్నారు, హైదరాబాద్ వాళ్ళు ఢిల్లీని అడగమన్నారు. చివరికి ఆయనే అలసిపోయి, "అర్జీ ఎట్లుంటదో మాకే తెల్వది తమ్మీ. సరైన రూలు వచ్చేదాంక ఇది ఈడనే ఉంటది. వచ్చిన్నాడు నేనే ఫోన్ జేస్త" అన్నాడు. నా నౌకరీ ఆ సాయంత్రమే పోయింది. (సేటు మాట తప్పని మనిషి.) తర్వాత ఏళ్ళ తరబడి మార్కెట్ యార్డులో పసుపు బస్తాలు కుట్టించాను.

ఒకరోజు ఫోను. "గద్ద తమ్మివేనా? రూలొచ్చింది. డ్రోన్ నడుపుడు నేర్చుకున్నోళ్ళకు సర్టిఫికెట్ ఇస్తరట. సర్కారు మ్యాపుల పచ్చగున్న జాగల ఎగరేయనీకి పర్మిషన్ గూడ అక్కర్లేదట. జల్ది నేర్చుకో, మా చెరుకుకు డ్రోన్‌తోని మందు కొట్టేటోడు దొర్కుతలేడు." ఎస్సై సారు రిటైరైనా నా నంబరు దాచుకున్నాడు, మహానుభావుడు!

నేర్చుకున్నాను. ఇప్పుడు బోధన్ చెరుకు మీద మందు చల్లేది నా డ్రోనే. మొదటి చేను ఆయనదే. గట్టు మీద నిలబడి "పర్మిషన్ ఉన్నదా?" అని ప్రతిసారీ అరుస్తాడు. జేబులో సర్టిఫికెట్ ఉంది, ఫోనులో మ్యాపు పచ్చగా ఉంది. అయినా ఆ గొంతు వినగానే, రిమోట్ పట్టుకున్న చేయి తనంతట తానే చొక్కా కిందికి పోతుంది.