తలుపు వెనక రాకెట్ బండి

పోయిన వారం కొరియరతను పెనుకొండలోని మా ఇంటికి ఒక అట్టపెట్టె తెచ్చిచ్చి, ఫోను మీద వేలితో సంతకం గీయించుకుని వెళ్ళిపోయాడు. నేనేమీ తెప్పించలేదు. పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూస్తే లోపల సన్నగా గలగలమంది. పంపినవాళ్ళ పేరుండే చోట ఏదో బెంగుళూరు కంపెనీ పేరుంది. అడగకుండా ఇంటికొచ్చే వస్తువు వెనక ఏదో ఒక మోసం ఉంటుందని రోజూ పేపర్లో చదువుతూనే ఉన్నాం కదా, అందుకని రెండు రోజులు దాన్ని లోపలికి రానివ్వకుండా అరుగు మీదే ఉంచాను. మూడో రోజు మా ఆవిడ, బాంబైతే ఈపాటికి పేలి ఉండేదని తేల్చేసి, కత్తిపీటకు టేపు ఆనించి కోసేసింది.

లోపల సన్నని చట్రాలకు అతుక్కుని ఉన్న ప్లాస్టిక్ ముక్కలు, చిన్న చిన్న రంగు సీసాలు, ఒక బ్రష్షు ఉన్నాయి. మూత మీద మిలిటరీ లారీ బొమ్మ ఉంది. దాని వీపు మీద వరుసలు వరుసలుగా గొట్టాలు, వాటిలోనుంచి రాకెట్లు దూసుకుపోతున్నట్టు నిప్పు. ఆ బొమ్మ చూడగానే మూతను బోర్లించి పెట్టాను. అడుగున చీటీలో మా అక్క కూతురి పేరుంది, ఇంకేమీ రాయలేదు. ఆ పిల్ల తండ్రి, అంటే మా బావ, పోయి ఏడాది దాటింది. లోకంలో ఇన్ని వస్తువులుండగా దీన్నే ఎందుకు పంపింది? తెలియక పంపిందా, తెలిసే పంపిందా? తెలిసి పంపి ఉంటే నన్ను ఏమనాలని? ఆ ప్రశ్న నన్ను తిండి తిననివ్వలేదు. మా ఆవిడకు చెప్పలేక, పెట్టె తీసుకుని గదిలోకి పోయి తలుపు వేసుకున్నాను.

నా ఈడువాళ్ళకు, అందులోనూ ధర్మవరం మగ్గాల చప్పుడు విన్నవాళ్ళకు, గ్రాఫు కాగితం సంగతి చెప్పనక్కరలేదు. కంప్యూటర్లు రాకముందు పట్టుచీర అంచు మీద పువ్వయినా పిట్టయినా ముందు గళ్ళ కాగితం మీద ఒక్కొక్క గడీ నింపుకుంటూ వేయవలసిందే. అది నా పని. ఆ గ్రాఫును చూసి అట్టలకు బెజ్జాలు కొట్టి, వాటిని వరుసగా దారంతో కుట్టి మగ్గం మీదికి ఎక్కించేవాళ్ళు. ఏ బెజ్జం దగ్గర ఏ పోగు లేవాలో అట్టే చెబుతుంది. కాబట్టి అట్ట ఎవరి చేతిలో ఉంటే డిజైను వాళ్ళది. మా షావుకారు దగ్గర ఒక కట్టడి ఉండేది: బెజ్జం తప్పుపడి పనికిరాకుండా పోయిన అట్టనైనా సరే, అడ్డంగా రెండుగా చించకుండా గడప దాటించకూడదు. కొత్త అంచు మగ్గం దిగేదాకా ఆయన తన నీడను కూడా నమ్మేవాడు కాదు. నేనూ ఆ గాలికే పెరిగాను. అనుమానం పెనుభూతమని మా అవ్వ అంటుండేది కానీ, ఆ రోజుల్లో నేను దాన్ని ఉద్యోగ ధర్మమనుకున్నాను.

బావ మిలిటరీలో డ్రైవరు. కొండల్లో జరిగిన యుద్ధంలో రాకెట్ బండి నడిపి, ఆ తరువాత కొన్నాళ్ళకు పెన్షను పుచ్చుకుని వచ్చేశాడు. ఆ యుద్ధం గురించి ఎవరడిగినా చలి ఎక్కువని మాత్రం చెప్పి ఊరుకునేవాడు. ఊరికే కూర్చోలేనంటే నేనే షావుకారుతో మాట్లాడి అట్టలు కొట్టే పనిలో పెట్టించాను. నెమ్మదైన మనిషి, చెయ్యి చక్కగా కుదిరింది. అక్క సంసారం ఒడ్డున పడిందని మా ఇంట్లో అందరూ సంతోషించారు. ఆయన పూచీ మాత్రం నాది. ఆయన తప్పు చేస్తే పోయేది ఇద్దరి అన్నమూ.

మొదట రీఫిళ్ళ దగ్గర పట్టుకుంది నాకు అనుమానం. మేము గళ్ళు నింపి పారేసిన ఖాళీ రీఫిళ్ళను బావ ఏరుకుని జేబులో వేసుకునేవాడు. సిరా లేని రీఫిలు మనిషికి దేనికి పనికొస్తుంది? తరువాత చూస్తే, తప్పుపోయిన అట్టల్ని ఆయన చించడం లేదు, మడత పడకుండా సంచిలో పెట్టుకుని పోతున్నాడు. అక్కను అడిగితే, పనినుంచి రాగానే వెనక గదిలో దూరి తలుపేసుకుంటాడనీ, ఏమి చేస్తున్నావంటే పలకడనీ చెప్పి, మిలిటరీకి పోయొచ్చినోళ్ళు అంతేలేరా అని తేల్చేసింది. ఒకనాడు నేను కిటికీ సందులోనుంచి తొంగి చూశాను, సిగ్గు లేకుండా చెబుతున్నాను. మంచం మీద గ్రాఫు కాగితం పరిచి ఉంది. దాని అంచున ఏడు, పదకొండు, నాలుగు అని అంకెలు, మేము పోగుల లెక్క రాసుకునేటట్టే. పైగా ప్రతి ఆదివారం ఒక మూటను గుడ్డలో చుట్టి, ఒళ్ళో పసిబిడ్డలా పెట్టుకుని, ధర్మవరం స్టేషనులో హిందూపురం ప్యాసింజరు ఎక్కేవాడు.

ఆ సమయంలోనే మా పాలపిట్ట అంచు, నేను నెల రోజులు కళ్ళు కాయలు కాచేట్టు వేసిన అంచు, మా చీర మగ్గం దిగకముందే హిందూపురంలో ఒక మరమగ్గం మీద నేస్తున్నారని కబురొచ్చింది. ఆ గ్రాఫు చూసినవాళ్ళం ముగ్గురమే, షావుకారు, నేను, బావ. షావుకారు నన్ను కూర్చోబెట్టుకుని, ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ బామ్మర్ది పట్టగలడు కదప్పా అన్నాడు. నిజం చెప్పొద్దూ, నన్ను అనుమానించలేదు కదా అన్న సంబరంలో రీఫిళ్ళ సంగతి, అట్టల సంగతి, కాగితం మీది అంకెల సంగతి అన్నీ ఆయన చెవిన వేసేశాను.

ఆ ఆదివారం నేనూ అదే ప్యాసింజరు ఎక్కి పక్క బోగీలో కూర్చున్నాను. పెనుకొండ వచ్చినప్పుడు మా ఊరి కొండను చూసి ముఖం తిప్పుకున్నాను, అక్క గుర్తొచ్చి. హిందూపురంలో దిగి, బావ ముందుగా లారీలకు బాడీ కట్టే షెడ్డులోకి పోయి, అక్కడి పెయింటరు దగ్గర డబ్బా మూతలో కొంచెం ఆకుపచ్చ రంగు పోయించుకున్నాడు. దొంగసరుకుకు గుర్తు వేయడానికనుకున్నాను. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనపడుతుందంటారు, నాకు ఆ రోజు ఆకుపచ్చ రంగు కూడా దొంగరంగే. అక్కడినుంచి ఒక సందులో రేకుల ఇంటి అరుగు మీదికెక్కి, ఒక ముసలావిడ ముందు కూర్చుని మూట విప్పుతుండగా నేను వెనకనుంచి పోయి లాక్కున్నాను.

అది లారీ బొమ్మ. మూరెడు పొడవుంటుంది. హవాయి చెప్పుల మడమలు గుండ్రంగా కోసి చేసిన ఆరు చక్రాలు, వాటికి మన్ను అంటినట్టు బూడిద, ఎర్ర జాజు కలిపి పూసిన రంగు, చిన్న తలుపులు, వెనకాల నాలుగు వరుసల్లో రీఫిలు ముక్కల గొట్టాలు. అదంతా నేను తరువాత గుర్తు చేసుకున్నాను. అప్పుడు మాత్రం నా కళ్ళకు ఆకుపచ్చ రంగు కింద మా అట్టల బెజ్జాలే కనబడ్డాయి. ఇవి మన అట్టలు కావా అని అరుస్తూ, ప్రతి అట్ట మూలా మేము వేసే అంకె కోసం ఆ బండి వీపును రెండు చేతులతో చించేశాను. గొట్టాలు అరుగంతా చెల్లాచెదురయ్యాయి.

అంకె కనబడింది. ఎప్పుడో రెండేళ్ళ కిందట వేసి, నచ్చక షావుకారు మూలన పడేసిన మామిడిపిందె అంచుది. పాలపిట్ట అట్ట ఒక్కటీ లేదు.

బావ కోప్పడలేదు. మోకాళ్ళ మీద వంగి గొట్టాలు ఏరుకుంటూ, "చూసుకో అబ్బా, అన్నీ తప్పుపోయినవే" అన్నాడు, అంతే.

ముసలావిడకు రెండు కళ్ళలోనూ పొర. చప్పుడు వచ్చిన వైపు ముఖం తిప్పి, "ఎవురప్పా నువ్వు? మావాని బండిని యాల ఇరిస్తివి?" అని అడిగింది. చేతిలోని ముక్కను అరుగు మీద పెట్టేశాను. ఆమె కొడుకు బావ నడిపిన బండిలోనే పక్క సీటులో కూర్చునేవాడట. యుద్ధం నుంచి పెట్టెలో వచ్చాడు, ఆ పెట్టె తెరవవద్దన్నారు. అప్పటినుంచీ ఆమెకు ఒకటే గొడవ, "మావాడు యాడ కూచుంటాండె నాయనా?" అని. ఫోటో చూపిస్తే కళ్ళకు ఆనదు, నోటితో చెబితే మనసుకు ఆనదు. అందుకని చేతితో తడుముకుని తెలుసుకునేట్టు బావ బండిని కడుతూ, కట్టినంత మేరకు ప్రతి ఆదివారం తెచ్చేవాడు. మొదట తెచ్చినదానికి తలుపులు తెరుచుకోలేదని ఇది రెండోసారి కట్టాడు. నేను చూసిన అంకెలు పోగుల లెక్క కాదు. మిలిటరీలో ఉండగా నిజమైన బండిని తన జానలతో కొలుచుకున్నాడట, ముక్కు ఏడు జానలు, వీపు పదకొండు, తలుపు నాలుగు. మా దగ్గర నేర్చుకున్న పద్ధతిలో జానకొక గడి వేసుకుని బండిని గ్రాఫు మీదికి దించాడు.

నేను చించినది వీపునే కాబట్టి ముందు భాగం బాగానే మిగిలింది. ముసలావిడ దాన్ని ఒళ్ళోకి తీసుకుని, చిన్న తలుపు తెరిచి, లోపలి సీటు మీద చూపుడువేలు ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయింది. "ఇది సాలు నాయనా. వాడు కూచుండే తావు ఉండాది కదా" అంది. బావ మిగతా ముక్కలు మూట కట్టుకున్నాడు. తిరుగు బండిలో ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని వచ్చాం. క్షమించు బావా అనే మాట పెనుకొండ దాకా నాలుక చివర ఉంది, ధర్మవరం వచ్చేసరికి లోపలికి పోయింది.

మరునాడు షావుకారుతో బావ దొంగ కాదని చెప్పాను. ఆయన నమ్మాడో లేదో గానీ, బావ మాత్రం నమ్మకం లేని చోట బెజ్జం సరిగా పడదని చెప్పి పని మానేశాడు. అక్కనూ బిడ్డనూ తీసుకుని హిందూపురం వెళ్ళిపోయి ఒక బడి బస్సు తోలుకున్నాడు. పాలపిట్టను అమ్మిందెవరో ఇప్పటికీ తెలియదు. అట్టలు మగ్గం ఎక్కించినవాళ్ళలో ఒకరిద్దరి మీద నాకు అనుమానం ఉంది గానీ, నా అనుమానానికి ఏం విలువుందో మీరే చూశారు కదా.

తరువాత బావ ఆ బండ్లు కడుతూనే ఉన్నాడని అక్క చెబుతుండేది. నేను పండక్కో పబ్బానికో వాళ్ళింటికి పోయినప్పుడల్లా ఆయన కుర్చీలోంచి లేచి, మాట్లాడకుండా వెళ్ళి, బండ్లు కట్టే గది తలుపు రెండు రెక్కలూ బార్లా తీసి వచ్చి మళ్ళీ కూర్చునేవాడు. తొంగి చూసే శ్రమ లేకుండా చూసుకోరా అని ముఖాన కొట్టినట్టుండేది నాకు. ఒక్కసారి కూడా ఆ గడప దాటలేదు. వసారాలోనే కాఫీ తాగి, బస్సు టైమైందని వచ్చేసేవాణ్ణి. అలా ఇరవై ఏళ్ళు గడిచాయి. ఆయన పోయిన రోజు కూడా ఆ తలుపు తీసే ఉంది, నేను తల వంచుకుని దాని ముందునుంచి నడిచిపోయాను.

మొన్న ఇక ఉండబట్టక మేనకోడలికి ఫోను చేశాను. అవీ ఇవీ మాట్లాడి, ఈ బొమ్మే ఎందుకు పంపావమ్మా అని అడిగాను, గుమ్మడికాయ దొంగ భుజాలు తడుముకున్నట్టు. ఆ పిల్ల నవ్వింది.

"నాయన ఎప్పుడూ అంటాండె మామా. మీ మామ కన్ను గ్రాఫు కన్ను, గీత వంకర పోతే వానికే తెలుస్తాది. వాడొచ్చినప్పుడల్లా తలుపు తీసి పెడతాండా, లోపలికి మాత్రం రాడు, పిలిస్తే బాధపడతాడేమోనని పిలవలేక ఉండా అని. నువ్వు సూడకనే పాయె కదా అని ఇది పంపితి."

ఫోను పెట్టేశాక చాలాసేపు ఏడ్చాను. చించినందుకు కాదు, దానికి ఎప్పుడో ఏడ్చేశాను. ఇరవై ఏళ్ళ పాటు ఆయన నన్ను లోపలికి రమ్మంటుంటే, ఆ రమ్మనడాన్ని కూడా అనుమానించినందుకు ఏడ్చాను.

ఇప్పుడు ధర్మవరంలో గ్రాఫు వేసేవాళ్ళు తగ్గిపోయారు. పొద్దున షాపులో వేలాడదీసిన చీరను ఎవరో ఫోనులో ఫోటో తీస్తే, సాయంత్రానికి ఆ అంచు ఏ దూరదేశపు మరమగ్గం మీదో ఉంటుంది. దాచుకునేదీ లేదు, చించేదీ లేదు, ఎవరూ ఎవరినీ పట్టుకోనక్కరలేదు. పెట్టెలో ఈ బండి ముక్కలన్నీ కొలతల ప్రకారం కోసే వచ్చాయి, జానతో కొలిచేపని లేదు. గొట్టాలు మాత్రం కంపెనీని నమ్మక రెండుసార్లు లెక్క పెట్టాను. నలభై ఉన్నాయి. తలుపులు తెరుచుకునే రకం కాదు, క్యాబిన్‌కు అతికించేయమని కాగితంలో రాశారు. నేను అతికించలేదు. బ్లేడుతో కోసి, అంచుకు సన్నని గుడ్డపేలిక అంటించి కీలులా చేశాను, రంగు కూడా వేశాను. గీత ఎక్కడా వంకర పోలేదు, ఆ మాట చెప్పడానికి ఆయన లేడు.

నిన్న మధ్యాహ్నం లేచి నా గది తలుపు రెండు రెక్కలూ తీసి పెట్టాను. వంటింట్లోంచి మా ఆవిడ తల బయటికి పెట్టి, ఇన్ని రోజులు మూసుకుని ఇప్పుడు యాల తీస్తివి, ఏం జేస్తివి లోపల అని అనుమానంగా చూసింది. ఒకసారి లోపలికి రమ్మని పిలిచాను.