బోటుకు కావలసిన ఎర్త్

ఈ పొద్దున మాదాపూర్ ఆఫీసు సెల్లార్‌లో కారు తాళం తిప్పితే టక్కుమని ఊరుకుంది. చిన్నప్పుడు విన్న చప్పుడే.

నాన్న ఇక్కడి చెరువులో బోటు నడిపేవాడు. ఒక ఆదివారం జనం ఎక్కాక మోటారు స్టార్ట్ కాలేదు. ఫ్యూజు చూశాడు, బ్యాటరీ మార్చాడు, టక్కుమనడమే. విసుగెత్తి కొందరు దిగిపోయారు.

"ఎర్త్ దొరుకుతలేదు. ఏంది ఈ పరేషాన్," అని నాన్న తల పట్టుకున్నాడు.

ఎర్త్ అంటే మట్టి అని బడిలో చెప్పారు. గట్టు మీదికి పరుగెత్తి గుప్పెడు మట్టి తెచ్చి, "ఇగో నాన్నా," అన్నాను.

తిడతాడనుకున్నాను. ఆయన దాన్ని జేబులో పోసుకుని, "మంచిగ తెచ్చినవ్ బిడ్డా, జర ఆగు," అన్నాడు. తర్వాత బ్యాటరీని ఇంజనుకు కలిపే నల్లతీగ, అదే ఆయన అన్న ఎర్త్, దాని కొసన పట్టిన పచ్చటి చిలుము గీకి బిగించాడు. మోటారు అందుకుంది.

అంత చిరాకులో నాన్నకు ఆ మెత్తటి మాట ఎలా వచ్చిందో. నా కూతురితో నాకది ఇంకా చేతకావడం లేదు.