మొక్కు బెల్లం

డెంగీ నుంచి మా పాప గట్టెక్కితే నిలువెత్తు బంగారం ఇస్తానని మేడారం సమ్మక్కకు మొక్కుకున్నాను. బంగారమంటే బెల్లమే, పాప బరువుకు సరితూగేంత. రేపు ప్రయాణమనగా, కేరళ వరద బాధితులకు సరుకులు పోగుచేస్తూ కాశిబుగ్గలోని మా ఇంటికి వాడకట్టువాళ్లు వచ్చారు. మా అత్తమ్మ ఆ బెల్లమంతా ఇచ్చేసింది!

సాయంత్రానికి పాప ఒళ్లు మళ్లీ కాలిపోతోంది.

"తల్లి సొమ్ము ఎందుకిచ్చినవ్ అత్తమ్మా?" అని ఏడ్చాను.

"ఫికర్ చేయకు బిడ్డా. ఆకలైనోళ్లకిస్తే తల్లి కోపం చేస్తదా?" అంటూ పాపనెత్తుకుని దవాఖానకు నడిచింది.

వానలో తడిసి వచ్చిన జ్వరమేనన్నారు డాక్టరు. రెండు రోజుల్లో తగ్గింది.

మళ్లీ బెల్లం తూచి మేడారం తీసుకెళ్లాం. గద్దె ముందు అత్తమ్మ చెంపలేసుకుంటూ గొణగడం నా చెవిన పడింది.

"ఆ దినం నాకూ మస్తు భయమైంది తల్లీ."