బోదె తెలిసిన సాల్మన్ రాజు గారు

సాల్మన్ రాజు గారు ఇక లేరన్న మాట వాళ్ళమ్మాయి గ్రేస్ ఫోనులో చెప్పింది. "అంకుల్, డాడ్ పాస్డ్ అవే దిస్ మార్నింగ్. మమ్మీ ముందు మీకే చెప్పమంది" అంటూ ఆ పిల్ల ఏడుస్తుంటే, నేను కెనడాలోని మన కేంబ్రిడ్జ్ లైబ్రరీలో మంచినీటి చేపల పుస్తకం ముందు కూర్చుని ఉన్నాను. అది ఆయన కోసం తీసిన పుస్తకమే. నీళ్ళు చల్లబడే రోజుల్లో బాస్ చేప చూపు ఎలా మారుతుందో అందులో ఒక అధ్యాయం ఉంది. సాయంత్రం చదివి వినిపిస్తానని మాటిచ్చాను. నిద్రలోనే గుండె ఆగిందట. చదువుతున్న పేజీలో గుర్తు పెట్టి, వాళ్ళింటికి బయలుదేరాను.

సంస్మరణ వ్యాసమంటే పోయినవారి సుగుణాలు చెప్పి, అశ్రునయనాలతో ముగించడమని నాకు తెలుసు. ఇటువంటివి చాలా చదివాను. సుగుణాలు నేనూ చెబుతాను. కానీ ఇది రాయడానికి అసలు కారణం వేరు. మన తెలుగు సంఘంలో ఆయన మీద దొంగ అనే ముద్ర పడింది. మనిషి పోయినా ముద్ర మిగిలింది. దాన్ని ఆయన మీద నుంచి ఒలిచి, వేసినవాడి మొహాన అంటించాలి. మన సంఘం పత్రిక సంపాదకులు ఈ మాట కత్తిరిస్తే ఫోటోకాపీలు తీసి ఇంటింటికీ నేనే పంచుతాను.

ఆ మనిషి పేరు రాయను. సాల్మన్ రాజు గారి పేరున్న కాగితం మీద ఆ పేరు ఉండకూడదు. మిల్టన్‌లో ఉంటాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చేపల వేట మీద తెలుగులో వీడియో ఛానల్ నడుపుతాడు. కనుక ఛానల్ గారు అంటాను. చదివేవాళ్ళందరికీ తెలుస్తుంది.

సాల్మన్ రాజు గారు కృష్ణా డెల్టా మనిషి. కేంబ్రిడ్జ్‌లో కార్ల విడిభాగాల కంపెనీలో డిజైన్ ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. నెమ్మదస్తుడు కాదు. గట్టిగా మాట్లాడేవారు, గొప్పలు చెప్పుకునేవారు, చర్చిలో అందరికంటే పెద్ద గొంతుతో, శ్రుతికి కాస్త ఎడంగా పాడేవారు. పోటీలో గెలిస్తే వారం పాటు అదే కథ. కానీ తనకు తెలిసినదాన్ని దాచుకోవడం మాత్రం ఆయనకు చేతకాదు. అదే ఆయన కొంప ముంచింది.

గ్వెల్ఫ్ అవతలి రిజర్వాయర్ దగ్గర ఎరల దుకాణం నడిపే ముసలి దొరకు, ఈయన పేరు విన్న రోజు నుంచీ ఒకటే హాస్యం, ఇంగ్లీషులో సాల్మన్ అంటే ఒక చేప కనుక. "సాల్మన్ వచ్చాడు, బాస్ కోసం!" అని అరిచేవాడు. "చుట్టాల్ని చూసిపోదామని వచ్చాన్లే" అని ఈయన ఇంగ్లీషులో అనేవారు. ఇద్దరూ ప్రతిసారీ కొత్తగా విన్నట్టే నవ్వుకునేవారు. ఆయన పోయారని చెప్పినప్పుడు ఆ దొర టోపీ తీసి లోపలికి వెళ్ళిపోయాడు.

నాది అనంతపురం జిల్లా. కాలేజీ గడప తొక్కలేదు. చదువంతా ఇక్కడి పబ్లిక్ లైబ్రరీలోనే. శరదారంభంలో సరస్సులో ఏం జరుగుతుందో ఆయనకు మొదట చెప్పింది నేనే అని గర్వంగా రాస్తున్నాను. వేసవిలో నీళ్ళు పొరలుగా ఉంటాయి, పైన వెచ్చన, అడుగున చల్లన. సెప్టెంబరులో పైపొర చల్లబడి, బరువెక్కి, కిందికి దిగుతుంది. క్రమంగా పొరలు కలిసిపోతాయి. ఒడ్డున ఏపుగా పెరిగిన నీటిగడ్డి చచ్చి కుళ్ళడం మొదలవుతుంది, అక్కడ చేపకు ఊపిరాడదు. ఇదంతా ఆ రిజర్వాయర్ మీద పడవలో పాఠంలా చెబితే ఆయన శ్రద్ధగా విన్నారు.

"బానే ఉందయ్యా ఓబులేసూ. మరి చేప ఎక్కడుందో చెప్పిందా నీ పుస్తకం?"

"లేదండీ."

"నేను చెబుతా విను. బోదెలో ఉంది."

నాకు అర్థం కాలేదు. "బోదె అంటే ఏంది సార్?" అని అడిగాను.

"మీకు నీళ్ళే లేవు, బోదె ఎక్కణ్ణించి వస్తుందిలే" అని నవ్వి, తర్వాత ఎంతో ఓపికగా చెప్పారు. "పొలానికి నీళ్ళు పారే చిన్న కాలవ. కోతలకి ముందు మళ్ళో నీళ్ళు తీసేస్తామా? మళ్ళో ఉన్న చేపపిల్లలన్నీ ఎటు పోతాయ్? బోదెలోకి. వాటి ఎనకాలే పెద్ద చేప. చిన్నప్పుడు గంపలతో ఎత్తేవాళ్ళం. ఇక్కడా అంతే. ఇది దేవుడు చేసిన చెరువు కాదు, ఆనకట్ట కట్టి ఆపిన నీళ్ళు. అడుగున పాత ఏరు మునిగే ఉంది. చలికాలమొస్తందని తలుపులెత్తి నీళ్ళు దించుతున్నారు చూడు. అదే బోదె. అందులో వెయ్ గాలం."

వేశాను. ఆ రోజు నా జీవితంలో పట్టిన అతి పెద్ద బాస్ ఆ మునిగిపోయిన ఏటి వంపులోనే దొరికింది. నేను చదివిన పుస్తకాలు నీటి సంగతి చెప్పాయి. ఈయన చిన్ననాటి పొలం చేప సంగతి చెప్పింది. ఆ రెండింటినీ ఒక పడవలో కలిపి చూసిన సంతోషం మళ్ళీ నాకు రాదు.

ఆ తర్వాతి ఏడాది, సంఘం వాళ్ళ సెప్టెంబరు పోటీకి కొద్దిరోజుల ముందు, ఛానల్ గారు ఆయనకు ఫోన్ చేశాడు. నేను పక్కనే ఉన్నాను. "అంకుల్, ఈ సీజన్‌ల మీరు ఏడ వేస్తరు? చెప్పున్రి, ప్లీజ్." ఇంకొకరైతే నవ్వి తప్పించుకునేవారు. ఈయన, "బోదెలో చూడు బాబూ, బోదె వదలమాక" అని చెప్పేశారు. అవతల కారు హారన్లు వినబడుతున్నాయి. "థాంక్యూ అంకుల్" అని పెట్టేశాడు. బోదె అంటే ఏమిటని అడగలేదు.

పోటీ ఆ రిజర్వాయర్‌లోనే, పడవకు ఇద్దరు. పట్టిన చేపను తూచి మళ్ళీ నీళ్ళలో వదలాలి. సాల్మన్ రాజు గారి జోడీ నేను. తక్కిన పడవలన్నీ ఒడ్డున పసుపెక్కిన నీటిగడ్డి చుట్టూ మూగాయి. ఎందుకలా చేస్తున్నారో నాకు అప్పుడు తెలియదు. మేము బోదె వెంట పోయాం. మధ్యాహ్నానికి వాళ్ళంతా ఉత్త చేతులతో రేవుకు వచ్చారు. మా తొట్టి నిండా బాస్.

ఛానల్ గారు తొట్టిలోకి తొంగిచూసి, "ఇంతమందిమి ఖాళీగొస్తే మీకొక్కరికే ఇన్నెట్ల దొరికినయ్ అంకుల్? నిన్ననే పట్టి యాడన్న బుట్టల దాచిండ్రా ఏంది?" అన్నాడు. అందరూ నవ్వారు. సాల్మన్ రాజు గారు కూడా నవ్వారు. తూకమయ్యేసరికి ఆ నవ్వు కాస్తా అనుమానమైంది, సాయంత్రానికి వాట్సాప్‌లో నేరమైంది. నేను పడవలోనే ఉన్నానని చెబితే, "మీరు ఆయన మనిషే కదా" అన్నారు. వచ్చే ఏడాది నుంచి పోటీకి రావద్దని, అది "అందరి ఫెయిర్‌నెస్ కోసం" అని కమిటీ ఆయనకు కబురు చేసింది.

తర్వాత ఆయన ఎప్పుడూ ఆ పోటీ గురించి బయట మాట్లాడలేదు. పోటీ జరిగే రోజున కారేసుకుని అటువైపు వెళ్ళి, రోడ్డు మీద నుంచే పడవలు చూసి వచ్చేవారని మరియమ్మ గారు, ఆయన భార్య, నాతో అన్నారు. నాతో ఒక్కసారి మాత్రం ఆయన మనసు విప్పారు. "క్షమించాలని ప్రతి ఆదివారం మోకరించి ప్రార్థన చేస్తన్నానయ్యా. సోమవారానికల్లా మళ్ళీ కోపమొస్తంది." ఆయన ఆదివారాలు నాకు అబ్బలేదు. సోమవారాలు మాత్రం వారసత్వంగా తీసుకున్నాను.

చర్చిలో ఆయన కోసం జరిపిన ఆదరణ కూడికకు, అంటే సంస్మరణ ప్రార్థనకు, ఛానల్ గారు నల్ల సూటులో వచ్చి మైకు అందుకున్నాడు. "అంకుల్‌కి నాకు గురుశిష్యుల బంధం. ఫాల్ సీజన్‌ల బోద టెక్నిక్ నేను డెవలప్ చేసి వీడియో పెడితే, ఫస్ట్ అప్రిషియేట్ చేసింది అంకులే" అన్నాడు. బోద అన్న మాట దగ్గర నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. అప్పటిదాకా ఆ వీడియో నేను చూడలేదు. ఆ మనిషి మొహం చూడకూడదనే నియమం పెట్టుకున్నాను.

ప్రార్థన ముగిశాక చర్చి కింది హాల్లో అందరూ టీ తాగుతున్నారు. నేను కప్పు పక్కన పెట్టి, అందరికీ వినబడేలా అడిగాను. "బోద అంటే ఏందండీ?"

"అదే అన్నా, గడ్డి. మా దిక్కు గుడిసెల మీద కప్పుతరు గదా, బోద. సో, వీడ్స్. అంకుల్ కూడా ఫోన్ల అదే అన్నడు, బోద వదలకుమని. పోటీకి ముందే వీడియో పెట్టిన, అది చూసే ఆ రోజు అందరం ఆడ వేసినం గదా."

కుర్చీలో కూర్చున్న మరియమ్మ గారు తలెత్తారు. ఆవిడదీ ఆ డెల్టాయే. "బోద కాదు బాబూ" అన్నారు మెల్లగా. "బోదె. పొలానికి నీళ్ళు పారే కాలవ. ఆయన కాలవలో వెయ్యమంటే మీరంతా పోయి గడ్డిలో వేశారా?"

ఎవరో వెనక నుంచి, "నయం, బోదకాలు అనుకోలేదు" అన్నారు. చావింట్లో నవ్వకూడదని తెలిసినవాళ్ళు కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఛానల్ గారి మొహం ఎర్రబడింది. "ఫోన్ల క్లియర్‌గ వినబడలే ఆంటీ..." అన్నాడు. ఆ ఒక్క మాటతో, తాను డెవలప్ చేశానన్నది అడిగి తెచ్చుకున్నదని తానే ఒప్పుకున్నాడు. అందరినీ కుళ్ళిన గడ్డిలోకి నడిపించింది తన వీడియోనే. ఆ ఖాళీ చేతుల అవమానాన్ని, దారి సరిగ్గా చెప్పిన పెద్దాయన నెత్తిన రుద్దాడు. ఇందులో యాస తప్పు లేదు. నాకూ ఆ మాట తెలియదు. నేను అడిగాను, అతను అడగలేదు.

కమిటీకి ఇప్పుడు జ్ఞానోదయమైంది. నిషేధం ఎత్తేశారట. పోటీ కప్పుకు సాల్మన్ రాజు గారి పేరు పెట్టి, ఛానల్ గారి చేతుల మీదుగా ఇప్పిస్తారట. మరియమ్మ గారు అది విని, "పేరొద్దు, కప్పొద్దు. దొంగ అని ఎక్కడన్నారో అక్కడే నిలబడి, కాదని చెప్పమనండి" అన్నారు. జవాబు ఇంకా రాలేదు.

ఆయన లాంటి వేటగాడు మళ్ళీ మన మధ్యకు రాడు. తెలిసినదంతా ఫోనులో అడిగినవాడికల్లా ఇచ్చేసే మనిషి అసలే రాడు. ఈ సెప్టెంబరులోనూ నీళ్ళు చల్లబడతాయి, తలుపులెత్తుతారు, చేప ఆ పాత ఏటిలోకి దిగుతుంది. అది చూసి నాకు చెప్పేవారు లేరు. ఆయనకు నా నమస్సు ఇదే.

పోటీ రోజున పడవలు దించే రేవు దగ్గర మరియమ్మ గారికి మడత కుర్చీ నేనే వేస్తాను. ఛానల్ గారూ, మైకు తేనవసరం లేదు. ఆవిడకు వినబడేంత గట్టిగా చెబితే చాలు. చెప్పేదాకా ఒక్క పడవనూ నీళ్ళలోకి దిగనివ్వను.